ఎండల ఊళ్లో ఎండ కరువైన తాంబేలు

పోయిన ఎండాకాలం మా చిన్నమ్మాయి తాంబేలు డిప్పను బొటనవేలితో నొక్కి, "నాన్నా, మెత్తగున్నది" అన్నది. నేనూ నొక్కి చూశాను. అంచు నానిన అట్టముక్కలా లోపలికి పోయి, మెల్లగా పైకి వచ్చింది.

అంతకు ఏడాది కింద అక్వేరియం షాపులో కొన్నప్పుడు అది రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దది. ఒళ్లంతా ఆకుపచ్చ, కంటి వెనక ఎర్ర గీత. "ఇంతకంటె పెరగదన్నా, రోజుకు నాలుగు ఎండు రొయ్యలేస్తే చాలు" అన్నాడు అమ్మినాయన. రెండు మాటలూ తప్పే. ఇది అమెరికాలోని మిసిసిపీ నది వైపుది, పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. ఆడది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు బతుకుతుంది. కొన్ననాడే ఈ లెక్క తెలిసి ఉంటే రంగు చేపలు పట్టుకొని వచ్చేవాణ్ని.

డిప్ప నత్తగుల్ల లాంటిది కాదు. తాంబేలు వెన్నెముక, పక్కటెముకలు వెడల్పై, ఒకదానికొకటి అతుక్కుని డిప్ప అయ్యాయి. పైన కనిపించేది మన గోరు లాంటి పొర మాత్రమే. కింద ఉన్నది నెత్తురు పారే ఎముక, ముట్టుకుంటే దానికి తెలుస్తుంది కూడా. అది మెత్తబడిందంటే ఎముకలే మెత్తబడ్డట్టు.

ఎముకల రోగం సంగతి నల్లగొండోళ్లకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన మనుషుల మధ్యనే పెరిగాం. అందుకే నేను ముందుగా నీళ్లనే అనుమానించాను. తప్పు నీళ్లది కాదు, నీడది.

ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకం చర్మం మీద పడితే, చర్మంలోని ఒక కొవ్వు పదార్థం మారి, ఒంటి వెచ్చదనానికి విటమిన్ డి3 అవుతుంది. అది కాలేయం, మూత్రపిండాల గుండా పోయి పదును తేలితేనే పేగులు తిండిలోని కాల్షియాన్ని సరిగా లాక్కోగలవు. గుండె కొట్టుకోవాలన్నా, కండ కదలాలన్నా నెత్తుట్లో కాల్షియం తగ్గకూడదు. లోపలికి రానప్పుడు ఒళ్లు తన ఎముకల్లోంచే తవ్వుకుంటుంది. తాంబేలులో ఎముకల రాశి అంటే డిప్పే కదా, ఆ తవ్వకం అక్కడ బయటపడుతుంది.

మా గాజు తొట్టి కిటికీ పక్కనే ఉండేది, పొద్దంతా ఎండ పడేది. ఇంకేం కావాలనుకున్నాం. కిటికీ అద్దం వెలుతురును, వేడిని రానిస్తుంది గానీ యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. 45 డిగ్రీలు దాటే ఊళ్లో కూలర్ ముందు కూచుని, దాన్ని ఎండకు మొహం వాచేట్టు చేశామన్నమాట.

తెలిసిన మర్నాడే ఇంకో తెలివితక్కువ పని చేయబోయాను. తొట్టిని తీసుకెళ్లి మధ్యాహ్నం డాబా మీద పెట్టబోతుంటే మా అమ్మ ఆపింది: "ఉడకవెడ్తవారా దాన్ని?" ఆమె మాటే శాస్త్రం. తాంబేలు ఒంట్లో మనలాగా సొంత పొయ్యి ఉండదు. చలేస్తే బండ ఎక్కుతుంది, కాగితే నీళ్లలోకి జారుతుంది. గాజు తొట్టిలో బండా, నీళ్లూ కలిసే కాగుతాయి, ఎక్కడికి పోతుంది? ఇప్పుడు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, మధ్యలో ఇటుక, సగం మీద తడి గోనెసంచి. పొద్దున ఎనిమిదింటికి అరగంట, పక్కన ఒకరి కాపలా. ముసురు రోజులకు యూవీబీ బల్బు కొన్నాం. అది వెలుగుతూనే ఉంటుంది గానీ నెలలు గడిచేకొద్దీ యూవీబీ తగ్గిపోతుంది, కంపెనీ చెప్పిన గడువుకు మార్చాల్సిందే.

ఉత్త రొయ్యలు మానిపించాం. ఇప్పుడు మునగాకు, నీళ్ల మీద తేలే అంతరతామర ఆకు, తాంబేళ్ల దాణా, అప్పుడప్పుడూ వానపాము. పిట్టల షాపుల్లో దొరికే సముద్రపు నురుగు ముక్క, అంటే కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని కాల్షియం డిప్ప, నీళ్లలో పడేసి ఉంచుతాం, కొరుక్కుంటుంది. ముట్టుకున్నాక పిల్లలు సబ్బుతో చేతులు కడగాలి, పైకి బాగున్న తాంబేలు ఒంటి మీదా వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు.

"ఉదయ సముద్రంల ఇడిసిపెట్టు సారూ, పున్నెమొస్తది" అన్నాడు పక్కింటాయన, మా నల్లగొండ దగ్గరి పెద్ద చెరువు పేరు చెప్పి. పుణ్యం సంగతేమో గానీ, లోకంలో స్థానిక జీవాలకు ఎక్కువ చేటు చేసిన 100 వలస జీవుల జాబితాలో ఈ ఎర్ర గీతదీ ఒక పేరు. మన చెరువుల తాంబేలు వేరు, వెనక కాళ్లను తోలు రెక్కలతో కప్పుకునేది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని మా తాతలు బాయిలో వేసింది దాన్నే. చెరువెండితే బురదలో దూరి వానలదాకా పడుకుంటుంది, పూడిక తీసే జేసీబీ తొండానికి మట్టితోపాటు లేస్తుంది. అట్లా దొరికినా ఇంటికి తేకూడదు. 1972 వన్యప్రాణి చట్టంలో దానికి మొదటి షెడ్యూల్ రక్షణ, అంటే అన్నిటికంటె గట్టి రక్షణ ఉంది. 2022 సవరణతో నక్షత్ర తాబేలూ అందులో చేరింది. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందంటారు, వచ్చేది ఫారెస్టోళ్లు.

పశువుల డాక్టరు ఇచ్చిన కాల్షియం మందు, పొద్దుటెండ కలిసి ఎనిమిది నెలలయింది. నొక్కితే అంచు ఇప్పుడు లోపలికి పోవడం లేదు. మెత్తబడ్డప్పుడు పైకి తిరిగిన చోటు మాత్రం అట్లనే ఉండిపోయింది, అది ఇక సరికాదట. రోజూ ఇటుకెక్కి, మెడ సాచి, వెనక కాళ్లు రెండూ గాల్లోకి చాపి పడుకుంటుంది. కాకి నీడ పడిందా, బుడుంగున నీళ్లలో.