గోధుమకు తోడు తెచ్చే ముందు

చిరంజీవులు పెద్దోడికీ, చిట్టికీ అమ్మమ్మ దీవించి రాసేది.

ఒంగోలులో అందరం బాగున్నాం. మొన్న ఆదివారం ఫోన్‌లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి సగం మాటలు అర్థం కాలేదు కానీ, అసలు సంగతి మాత్రం తెలిసింది. మీ గోధుమతో, అదే ఎలుకలాంటి మీ పెంపుడు జెర్బిల్‌తో, పుట్టిన తోడు పోయిందనీ, అప్పటినుంచీ గోధుమ రోజంతా మూల ముడుచుకుని పడుకుంటోందనీ, శనివారం ఇంకోదాన్ని తెచ్చి దాని దగ్గర పెట్టేస్తామనీ అన్నారు. తోడు తేవడం మంచిదే. జెర్బిల్ ఒంటరిగా బతికే ప్రాణి కాదు. కానీ ఆ "పెట్టేస్తాం" అన్న మాట విన్నప్పటినుంచీ నాకు ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే మరిచిపోతారని కూర్చుని రాస్తున్నాను. ఇది మొత్తం చదివాకే షాపుకు వెళ్ళండి.

మీ అమ్మకు పదేళ్ళప్పుడు మేం న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. అప్పుడు మా ఇంట్లో లడ్డు అని మగ జెర్బిల్ ఉండేది. దాని తోడు కూడా ఇలాగే పోయింది. షాపులో అడిగితే, "ఏం కాదండీ, కాసేపు కీచులాడుకుని అవే సర్దుకుంటాయి" అన్నారు. మాకేం తెలుసు, నమ్మాం. జీడి అనే ఇంకో మగదాన్ని తెచ్చి తిన్నగా లడ్డు ఉండే గాజు తొట్టెలో వదిలాం. లడ్డు దగ్గరికెళ్ళి మూతి వాసన చూసింది, వెనక్కి తిరిగి తోక కింద వాసన చూసింది. తర్వాత ఒళ్ళంతా ఉబ్బించుకుని, అడ్డంగా తిరిగి, పక్కపక్కగా నెట్టుకుంటూ దాని మీదికి వచ్చింది. మీ అమ్మ "డాన్స్ చేస్తోందమ్మా!" అని చప్పట్లు కొట్టింది. అది డాన్స్ కాదు. అంతలోనే రెండూ ఒకే ఉండలా చుట్టుకుపోయాయి, ఆ ఉండ తొట్టెంతా దొర్లుతోంది. నేను కంగారులో వట్టి చెయ్యి పెట్టాను. నా కుడి చూపుడు వేలి మీద మచ్చ ఏమిటని చిన్నప్పుడు అడిగేవారు గుర్తుందా? ఆ రోజుదే అది. జీడికి తోక మొదట్లో పన్ను లోతుగా దిగింది. పశువుల డాక్టరు మందిచ్చారు కాబట్టి బతికింది. మేం ఇంట్లో లేని సమయమైతే చచ్చిపోయేదే. పెద్దవైన జెర్బిల్స్ కొత్తదాన్ని చంపేదాకా పోతాయి, ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పే మాట కాదు.

అలాగని లడ్డు చెడ్డది కాదర్రా. దాని వైపునుంచి చూడండి. వీటి సొంత ఊరు మంగోలియా, ఉత్తర చైనాల్లోని ఎండు గడ్డి మైదానాలు. చలికాలంలో అక్కడ మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోతుంది. ఒక కుటుంబమంతా ఒకే బొరియలో ఉంటూ, గింజలు దాచుకుని ఆ చలికాలం గడుపుతుంది. ఆ బొరియలోకి పరాయిది వచ్చిందంటే దాచుకున్న తిండికి ఎసరు. మరి చీకట్లో మనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో ఎలా తెలుస్తుంది? వాసనతోనే. గోధుమ గాజుకు ముందుకాళ్ళు ఆనించి నిలబడినప్పుడు పొట్ట మధ్యలో చూడండి, వెంట్రుకలు లేని సన్నటి చార కనబడుతుంది. అది వాసన గ్రంథి. పొట్టను నేలకు రాసుకుంటూ పోతుంది కదా, దురద వల్ల కాదు, "ఇది మా ఇల్లు" అని గుర్తు పెడుతోంది. ఒకే కుటుంబంలోవన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుని, ఒకదాన్నొకటి నాకి, అందరికీ కలిపి ఒకే వాసన చేసుకుంటాయి. ఆ వాసన ఉంటే మనది, లేకపోతే దొంగ.

ఒక చిత్రం చెప్పనా? 1935లో జపాన్‌వాళ్ళు మంగోలియా తూర్పు వైపు 20 జంటలను పట్టారు. వాటి సంతతిలోంచి 11 జంటలు 1954లో అమెరికా చేరాయి. అక్కడినుంచి 1964లో మీరుండే ఇంగ్లండుకు వచ్చాయి. ఇళ్ళలో పెరిగే జెర్బిల్స్ చాలామటుకు ఆ కొద్దివాటి పిల్లల పిల్లలే. అంటే గోధుమా, మీరు తేబోయేదీ ఎక్కడో ఒకచోట చుట్టాలే అయ్యుంటాయి. అయినా వాసన కలవందే ఆ చుట్టరికం చెల్లదు. (మా నాన్న వేరుశనగ చేలో కూడా జెర్బిల్ జాతివే ఉండేవి. తోక చివర కుచ్చు, వెనక కాళ్ళ మీద గెంతుడు. మేం వాటినీ ఎలుకలనే అనేవాళ్ళం.)

కాబట్టి మనం చేయాల్సింది వాటికి స్నేహం నేర్పడం కాదు, ఒకే వాసన వచ్చేలా చూడడం. జీడికి గాయం మానాక ఆ డాక్టరే పద్ధతి చెప్పారు. మేం అలాగే చేశాం.

ముందు ఏది తేవాలో వినండి. గోధుమ మగది కాబట్టి మగదాన్నే తెండి. ఆడదాన్ని తెస్తే సుమారు 25 రోజుల్లో తొట్టె నిండా పిల్లలుంటాయి. షాపువాళ్ళు మగదన్నా సరే, ఒకసారి డాక్టరుకు చూపించండి. వీలైతే రెండు నెలలు కూడా నిండని పిల్లను తెండి, పెద్ద మగది పిల్లను త్వరగా ఒప్పుకుంటుంది. ఒకటే చాలు. చిట్టీ, రెండు తెద్దామని నువ్వు మారాం చేస్తావని నాకు తెలుసు, వద్దు తల్లీ. ముగ్గురైతే తగవు తీర్చడం మరీ కష్టం.

తొట్టెను మధ్యకు ఇనుప మెష్‌తో రెండు గదులు చేయాలి. పెద్దోడా, ఈ పని నీది, నాన్న సాయం తీసుకో. కన్నం పావు అంగుళం మించకూడదు. అంతకంటే పెద్దదైతే మూతి అవతలికి పెట్టి ముక్కు కొరుక్కుంటాయి. మెష్ కింద గాజు అడుగు దాకా, పైన మూత దాకా ఉండాలి. మా ఇంట్లో రెండో రాత్రి అడుగున పరిచిన పొట్టును లడ్డు తవ్వి తవ్వి మెష్ కిందికి తల దూర్చేసింది. తెల్లవారుజామున గరగర శబ్దానికి మీ తాతయ్య లేచి చూడబట్టి సరిపోయింది. ఆ రోజే ఆయన చెక్క ఫ్రేమ్ చేసి మెష్‌ను నాలుగు వైపులా బిగించారు. ఒక్కో గదిలో పొట్టు, నీళ్ళ సీసా, గింజలు, దాక్కోవడానికి చిన్న అట్టపెట్టె పెట్టండి. పరుగెత్తే చక్రం తీసేయండి, దాని కోసం కొట్టుకుంటాయి.

ఇక అసలు పని మార్పిడి. రోజుకు మూడు నాలుగుసార్లు గోధుమను కొత్తదాని గదిలోకి, కొత్తదాన్ని గోధుమ గదిలోకి మార్చాలి. పొట్టు మాత్రం మార్చకూడదు, అదే కిటుకు. అవతలిదాని వాసనున్న గూట్లో ఇది పడుకుంటుంది, దీని గూట్లో అది పడుకుంటుంది. తోక పట్టుకుని ఎత్తకండి, తోక తోలు ఊడొస్తుంది. రెండు చేతులూ దోసిలి పట్టి ఎత్తండి. చిట్టీ, ఈ లెక్క నీది. మార్చినప్పుడల్లా క్యాలెండర్ మీద గీత పెట్టు.

కనీసం వారం, పది రోజులు ఇలా నడవాలి. మా లడ్డుకు పన్నెండు రోజులు పట్టింది. మొదట్లో మెష్‌ను కొరుకుతాయి, ఒకదాన్నొకటి చూసి ఉబ్బుతాయి. అలా ఉన్నంతకాలం కలపొద్దు. మెష్ దగ్గర ముక్కులు ఆనించి ఊరుకుంటున్నాయా, గూడు మెష్ పక్కకే తెచ్చుకుని పడుకుంటున్నాయా, అది చూసుకోండి. జీడి తన కాగితం ముక్కలన్నీ మోసుకొచ్చి మెష్‌కు ఆనించి పోగేసింది. అవతల లడ్డు ఆ పోగుకే వీపు ఆనించి పడుకుంది.

కలిపే రోజు ఇద్దరికీ సెలవు ఉండాలి, అమ్మో నాన్నో పక్కన కూర్చోవాలి. పెద్ద చోటు వద్దు. మీ నాన్న కొన్న మూడంతస్తుల పంజరం ఇప్పుడు అసలు వద్దు. చోటు ఎక్కువైతే ఇది నాది, అది నీది అని పంచుకుని కొట్టుకుంటాయి. చిన్న తొట్టెలో కొత్త పొట్టు పోసి, రెండు గదుల పాత పొట్టు తలో గుప్పెడు కలపండి. చేతికి మందపాటి తోలు గ్లవ్ వేసుకోండి. వాసన చూసుకోవడం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం, ఒకటి కిందికి వంగితే రెండోది దాని మెడ నాకడం మామూలే. ఒళ్ళు ఉబ్బించి అడ్డంగా తిరిగిందంటే మాత్రం ఆలస్యం చేయకండి, మధ్యలో అట్టముక్క పెట్టి విడదీసి మళ్ళీ మెష్‌కు అటొకటి ఇటొకటి వదిలేయండి. ఇంకో వారం పోయాక చూద్దాం. రక్తం వచ్చిందంటే ముందు డాక్టరు దగ్గరికి, నాకు ఫోన్ ఆ తర్వాత.

పదమూడో రోజు పొద్దున మేం కలిపినప్పుడు మీ అమ్మ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. లడ్డు నెమ్మదిగా వచ్చి జీడి గడ్డం కిందికి తల దూర్చింది. జీడి కదలలేదు. చాలాసేపటికి అది లడ్డు చెవి నాకడం మొదలుపెట్టింది, ఒక చెవి అయ్యాక రెండో చెవి. మధ్యాహ్నానికి అట్ట గొట్టంలో రెండూ కలిసి దూరాయి, ఒక చివర రెండు ముక్కులు, రెండో చివర రెండు తోకలు. మీ అమ్మ ఆ రోజు అన్నం కూడా అక్కడే తింది.

కలిసి ఒకే గూట్లో పడుకున్నాక ఇక రాత్రికి విడదీయొద్దు. వారం పాటు ఆ చిన్న తొట్టెలోనే ఉంచి, తర్వాత కొంచెం కొంచెంగా చోటు పెంచండి. చక్రం అన్నిటికంటే చివర. తొట్టె ఒకేసారి పూర్తిగా కడిగేయకండి, పాత పొట్టు కొంత ఉంచి మిగతాది మార్చండి. జబ్బు చేసి ఒకదాన్ని ఒక్క రోజు వేరే ఉంచినా, తిరిగి వచ్చాక పరాయిదనుకోవచ్చు. అప్పుడు మళ్ళీ మెష్ వేయాలి.

ఎంత చేసినా కొన్ని జతలు కుదరవు. అలా అయితే రెంటినీ వేరువేరు తొట్టెల్లో ఉంచడమే మేలు. అందులో మీ తప్పేమీ ఉండదు, ఏడవకండి.

ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. అమ్మ వంటింటి తూకం మీద గిన్నె పెట్టి గోధుమ ఎన్ని గ్రాములుందో చూసి నాకు రాయండి. కొత్తది వచ్చాక దాన్నీ తూచండి. మెష్ వేసిన రోజుల్లో ఏదైనా బరువు తగ్గుతుంటే బెంగో, జబ్బో అయ్యుండొచ్చు, అప్పుడు ఏం చేయాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ