లాంతరులో గాజు చేసే పని

కోనసీమ పాత ఇళ్ల అటకల మీద గాజు బుడ్డి దీపాలు, లాంతర్లు ఇంకా కనిపిస్తుంటాయి. తుడిచి వెలిగిస్తే చాలావాటికి పొగే ఎక్కువ. తప్పు నూనెదని తోస్తుంది గానీ, ముందు చూడాల్సింది గాలి దారి.

మంటలో సన్నటి మసి రేణువులు వేడెక్కి ప్రకాశిస్తాయి. ఆ పసుపు వెలుగు వాటిదే. గాలి చాలితే అవి మంట అంచున కాలిపోతాయి, చాలకపోతే పొగై గాజుకు పడతాయి. 1780ల్లో జెనీవాకు చెందిన ఎమే ఆర్గాండ్ ఒత్తిని బోలుగా, గుండ్రంగా చేసి మంట లోపలికీ గాలి అందేలా చూశాడు. దానిమీద నిలిపిన గాజు చిమ్నీ అసలు పని గాలికి అడ్డుపడటం కాదు, గాలిని లాగడం. లోపలి వేడిగాలి పైకి పోతుంటే, ఒత్తిని పట్టి ఉంచే బర్నరు చిల్లుల్లోంచి కొత్తగాలి వస్తుంది. వరి కోతల కాలంలో దీపప్పురుగులు ఆ చిల్లుల్లో ఇరుక్కుంటాయి. పాత లాంతరు పొగకు చాలాసార్లు ఇదే కారణం. గుండుసూదితో తీసేస్తే సరి.

బుడ్డి దీపంలో ఆముదం పోస్తే వెలగదు. అది కిరసనాయిలు కంటే వందల రెట్లు చిక్కన, నిలువు ఒత్తి వెంట పైదాకా ఎక్కలేదు. మంట కుంచించుకుపోయి, ఒత్తే కాలడం మొదలెడుతుంది. ప్రమిదలో ఒత్తిని నూనెలో పడుకోబెట్టేది అందుకే. పల్చటి కిరసనాయిలుకు తగ్గ దీపాన్ని 1853లో ల్వోవ్‌లో (ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) ఇగ్నాట్సీ వుకాషేవిచ్ అనే పోలిష్ ఫార్మసిస్టు వెలిగించాడు.

కాలవ పడవల మీద ఈదురుగాలికీ ఆరని లాంతరుది ఇంకో తెలివి. పక్క గొట్టాలు గాలిని బర్నరుకు తెస్తాయి. గాలి విసురు పైమూతనూ, గొట్టాలనూ ఒకేసారి తాకుతుంది కాబట్టి, మంటకు పైనా కిందా ఒత్తిడి దాదాపు సమానంగా ఉంటుంది.

కొత్త ఒత్తిని నూనెలో పావుగంట నానబెట్టాకే వెలిగించాలి. కొసను తిన్నగా కత్తిరించి, రెండు మూలలూ రవ్వంత తీసేయాలి. లేకుంటే మంటకు కొమ్ములొచ్చి గాజు మసిబారుతుంది. వెలిగించాక మూడు నాలుగు నిమిషాలు మంట తగ్గించి ఉంచితే గాజు అంతటా ఒకేలా వేడెక్కుతుంది. ఒకపక్కే వ్యాకోచిస్తే, లేదా వేడిమీద నీటిచుక్క పడితే, పగులుతుంది. ఊక బూడిదతో తోమడం మనకు అలవాటే, కానీ అందులో ఎక్కువ భాగం సిలికా. గాజుమీద గీతలు పడతాయి, తర్వాత పగులు మొదలయ్యేది అక్కడే. పాత కాగితంతో మసి తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వడం మేలు.

వానాకాలంలో మంట చిటపటలాడితే నూనె అడుగున నీరు చేరిందన్నమాట. దీపం ఆర్పి, చల్లారాక ఆ నూనె వంచేసి, ఒత్తిని ఎండబెట్టాలి. వెలుగుతుండగా మూత తీసి నూనె పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు. లోపలి ఆవిరి అంటుకుంటుంది.