హారతి పళ్లెం, తేరు దారి: మూడు వందల ఏళ్ల తగాదా

పోయిన ఆగస్టు 15కు, అంటే మరియమాత మోక్షారోపణ పండుగకు నెల ముందు మా విచారణలో, అంటే మా కతోలిక గుడి పరిధిలో, ఒక మీటింగు జరిగింది. అనంతపురం జిల్లాలో మామూలు ఊరు మాది, పేరు రాయను. మీటింగు పుస్తకంలో రెండే అంశాలు. ఒకటి, పండుగ పూజలో కర్పూర హారతి ఇవ్వాలా వద్దా. రెండు, మాత తేరు ఏయే వీధుల్లో తిరగాలి. హారతి మీద రెండు గంటలు వాదించుకున్నారు. తేరు సంగతి తర్వాత చూద్దాంలే అని లేచి వెళ్లిపోయారు.

నేను పాత పద్ధతి మనిషిని. మోకరించి, నాలుక మీదే సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకుంటాను. పూజలో హారతి తిప్పడం నా మనసుకు ఎక్కదు. అయినా ఆ రోజు మావైపు వాళ్లు “ఇది నిన్నమొన్న పుట్టింది, పాత కతోలికులు ఇట్లాంటివి ఎరగరు” అంటుంటే తల వంచుకున్నాను. అటువైపు కుర్రాళ్లు “ఇది మన సంస్కృతి, తెల్ల ఫాదర్లు మాన్పించారు” అన్నారు. రెండు మాటలూ సగమే నిజం. ఈ తగాదా మన జిల్లాల మట్టిలో మొదలై రోముదాకా పోయి వచ్చింది.

1606లో మదురైకి వచ్చిన రాబర్ట్ డి నోబిలి అనే యేసుసభ (జెస్యూట్) గురువు కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసిలా బతికాడు. జందెం, పిలక, గంధం, స్నానం కులాచారాలే గాని విగ్రహారాధన కాదని వాదించాడు. 1623లో పోపు గ్రెగొరీ 15 ఆ వాదనను చాలావరకు ఒప్పుకున్నారు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరి నుంచి పైకి వచ్చి పుంగనూరు మీదుగా అనంతపురం వైపు పల్లెలకు చేరారు. దీన్నే కర్ణాటక మిషన్ అన్నారు. వాళ్లదీ నోబిలి దారే. రెడ్డి కుటుంబాలు కొన్ని జ్ఞానస్నానం పొందాయి. తర్వాత వాళ్లలో కొందరు గుంటూరు వైపు, ఫిరంగిపురం ప్రాంతానికి తరలిపోయారు. మా ఇల్లు ఆ పాత కొమ్మల్లో ఒకటని మా పెద్దలు చెప్పేవాళ్లు.

ఆ గురువులు చదువులో ఆషామాషీ మనుషులు కారు. వాళ్లలో జాన్ కల్మెట్ వేద ప్రతులు సంపాదించి పారిస్ రాజ గ్రంథాలయానికి పంపాడు. గాస్టన్ కుర్దూ తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశాడు. తెలుగు పల్లెల్లో తిరిగిన మనిషికి ఈ సంగతి తట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కానీ ఒక మచ్చ ఉంది, అది దాచకూడదు. పెద్ద కులాల ఇళ్లు దూరం కాకూడదని ఆ సన్యాసి గురువులు దళితుల ఇళ్లలో అడుగు పెట్టేవాళ్లు కాదు. రోగి చావుబతుకుల్లో ఉన్నా మంచంతో సహా బయటికి మోసుకొస్తేనే రోగులకు చేసే పవిత్ర సంస్కారం జరిపేవాళ్లు.

1703 నవంబరులో పోపు ప్రతినిధి టూర్నోన్ పుదుచ్చేరిలో దిగాడు. జబ్బుతో ఊరు దాటి లోపలికి రాలేకపోయాడు. ఉన్నచోటి నుంచే ఈ ఆచారాల సంగతి విచారించి 1704 జూన్ 23న పదహారు అంశాల ఉత్తర్వు ఇచ్చాడు. జ్ఞానస్నానంలో ఉమ్మి పూసే క్రియ మానకూడదు. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి కట్టకూడదు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టి శకునం చూడకూడదు. పిల్ల పెద్దమనిషి అయితే వేడుక చేయకూడదు. బయట ఉన్న ఆడవాళ్లను గుడికి రానీయకుండా ఆపకూడదు. విభూది పెట్టుకోకూడదు. క్రైస్తవులు హిందూ దేవాలయాల్లో మేళం వాయించకూడదు. వీటి మధ్యలోనే ఇంకొకటి: రోగంతో ఉన్న దళితుడి ఇంటికి గురువు వెళ్లి తీరాలి.

నలభై ఏళ్లు గొడవ నలిగాక 1744 సెప్టెంబరు 12న పోపు బెనడిక్టు 14 తుది తీర్పు ఇచ్చారు. అప్పటికి ఈ మిషన్ పెద్ద కుర్దూయే. దళితుల కోసమే కొందరు గురువులను వేరుగా పెడతామని యేసుసభ అడిగితే పోపు ఒప్పుకున్నారు. మొత్తం విశ్వాసులను కలపాల్సిన చోట గురువులనే రెండు రకాలు చేశారు! పాత పద్ధతిని ప్రేమించే నాకు ఈ ఒక్క రాజీ మింగుడుపడదు. ఈ ఆచారాలను పాటించనివ్వబోమని మిషనరీలందరూ ప్రమాణం చేయాల్సి వచ్చింది. ఆ ప్రమాణం 1940 దాకా నడిచింది.

ఒక చిత్రం చెప్పాలి. విభూది వద్దని అంత గట్టిగా ఉత్తర్వు ఇచ్చినా, తపస్సు కాలం (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలు) మొదటిరోజును మనం ఈనాటికీ విభూది బుధవారం అనే అంటాం. ఉత్తర్వులు రాసేవాళ్లకు మన నోళ్లు లొంగలేదు.

1773లో యేసుసభనే రద్దు చేశారు. ఆ తర్వాత మన వైపు గురువులు అరుదైపోయారు. ఇంగ్లండు నుంచి మిల్ హిల్ గురువులు వచ్చాకే కొంత కదలిక వచ్చింది. 1876-78 ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి వైపు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. ఆ కాలం నుంచి మాల, మాదిగ కుటుంబాలు పెద్దసంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చాయి. మన గుళ్లు నిండింది వాళ్లతోనే. 1928లో నెల్లూరు, అందులోంచి 1967లో కర్నూలు, 1976లో కడప మేత్రాసనాలు (బిషప్పు పాలించే ప్రాంతాలు) ఏర్పడ్డాయి. అనంతపురం కర్నూలు కిందికి వస్తుంది.

మా అవ్వకు లాటిన్‌లో ఒక్క మాటకూ అర్థం తెలియదు. అయినా ఫాదరు ‘దోమినుస్ వోబిస్కుం’ అనగానే ‘ఎత్ కుం స్పిరితు తువో’ అని తడుముకోకుండా అనేది. జపమాల కొంగున ముడివేసుకుని, ఆ కొంగే తలమీదికి లాక్కుని, అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా పీఠం ముందు చెక్క అడ్డు దగ్గర మోకరించేది. గడ్డం కింద ఇత్తడి పళ్లెం పట్టేవాళ్లు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈనాటికీ పాత పూజను తలుచుకుంటాను. కానీ ఆ చెక్క అడ్డు దగ్గర మా వరుస లేచాకే దళితవాడవాళ్ల వరుస వచ్చేది. ఇది కూడా మా అవ్వే చెప్పింది, అదేదో సహజమన్నట్టు.

1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ ఆరాధనను సంస్కరించాలని నిర్ణయించింది. 1969 ఏప్రిల్ 25న భారతదేశానికి పన్నెండు మార్పులను రోము ఆమోదించింది: చెప్పులు విడవడం, కింద కూర్చోవడం, మోకరించే బదులు నమస్కారం, నూనె దీపం, హారతి వంటివి. ఆచారాలకు ఎదురు ప్రమాణం ఎత్తేసి అప్పటికి 29 ఏళ్లే. కాబట్టి హారతికి అనుమతి లేదని మావైపు వాళ్లు అనడం తప్పు. అయితే ‘మన సంస్కృతి’ అనే మాట మీద దళిత క్రైస్తవులు అప్పటినుంచీ ఒక ప్రశ్న వేస్తున్నారు: ఎవరి సంస్కృతి? దీపం, శ్లోకం, అంగవస్త్రం వచ్చాయి సరే, డప్పు ఏది? దీనికి మా కుర్రాళ్ల దగ్గర జవాబు లేదు.

పాత లాటిన్ పూజకు 2007లో పోపు బెనడిక్టు 16 తలుపు తెరిచారు. 2021 జులై 16న పోపు ఫ్రాన్సిస్ దాన్ని చాలావరకు మూశారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. లోబడ్డాను గాని బాధ పోలేదు. పండుగల రోజులూ మారాయి: యేసు మోక్షారోహణ పండుగ గురువారం నుంచి ఆదివారానికి జరిగింది, దివ్యసత్ప్రసాద పండుగా అంతే. క్రిస్మస్ తప్ప తేదీ కదలకుండా పూజకు వచ్చి తీరాలన్న పండుగ మనకు ఆగస్టు 15 ఒక్కటే. అందుకే ఈ పండుగ మీద ఇంత పట్టుదల.

2016 డిసెంబరులో భారత మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య దళితుల సాధికారత విధానం ప్రకటిస్తూ, అంటరానితనం మన శ్రీసభలోనూ ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న కార్డినల్ పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆయన పుట్టింది ఉమ్మడి కర్నూలు జిల్లాలో. ఆ రోజు మా గుడిలో గంటలు కొట్టాం, మిఠాయిలు పంచుకున్నాం.

అదే గుడి నుంచి బయల్దేరే మాత తేరు మెయిన్ రోడ్డు మీద బస్టాండు దాకా వెళ్లి, వాడ మొదట్లో ఉన్న వేపచెట్టు దగ్గర వెనక్కి తిరుగుతుంది. తేరు మోకు లాగేవాళ్లలో ఎక్కువమంది ఆ వాడవాళ్లే. వాళ్లు తేరును వేపచెట్టు దాకా లాగి, తిప్పి, మళ్లీ గుడికి లాక్కొస్తారు. కొబ్బరికాయ వద్దన్న టూర్నోన్ అంశాన్ని మావైపు వాళ్లు కంఠతా చెబుతారు. దళితుడి గడప తొక్కాలన్న అంశం అదే కాగితంలో ఉందని మీటింగులో నేనే చెప్పాల్సి వచ్చింది.

ఈసారి పుస్తకంలో తేరు అంశాన్నే ముందు రాయమని ఫాదర్ గారికి ఉత్తరం ఇచ్చాను. ఆ వీధి ఇరుకు, తేరు పట్టదు అన్నారు మావైపు పెద్దాయన ఒకరు. టేపు పట్టుకుని వెళ్లి కొలిచాను. తేరు ఆరడుగులు. వీధి పదకొండు.