సెమీ ఆటోమేటిక్ పిస్టల్: రేంజ్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

షూటింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది "ఏ పిస్టల్ మంచిది?" అని. దేనికి మంచిది కావాలి అని అడిగితే, "రెండింటికీ" అంటారు. అంటే రేంజ్‌లో కాగితం మీద గురి పెట్టి కొట్టడానికీ, ఎప్పుడైనా తప్పనిసరైతే ఆత్మరక్షణకూ. ఒకే పిస్టల్ ఈ రెండు పనులూ చేయగలదు. దాన్ని పరీక్షించే తీరు మాత్రం రెండింటికీ ఒకటి కాదు. రేంజ్‌లో జామయితే విసుక్కుని సరిచేసుకుంటాం. రెండో పనిలో ఆ తీరిక ఉండదు. షూటింగ్ నేర్పడం, పిస్టళ్లు విప్పి సరిచేయడం నా పని కాబట్టి ఈ రెండింటి మధ్య గందరగోళం రోజూ చూస్తుంటాను.

ఒక మాట ముందే చెప్పాలి. లైసెన్స్, క్యాలిబర్ (తూటా మందం), తూటాల రకం గురించి ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంటుంది. అది తేల్చుకున్నాకే మిగతావి.

అపోహ: ట్రిగ్గర్ నొక్కిపట్టుకుంటే వరసపెట్టి పేలుతుంది

పేలదు. ఒక నొక్కుకు ఒకే తూటా. వదిలి మళ్లీ నొక్కితేనే రెండోది. ఇందులో దానంతటదే జరిగేది మధ్యలోని పని మాత్రమే. పేలిన ఒత్తిడికి స్లైడ్ (పిస్టల్ పైన జారే లోహపు భాగం) వెనక్కి వెళ్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం ఖాళీ తొడుగును ఛాంబర్ (తూటా పేలే గది) నుంచి లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని బయటికి విసురుతుంది, స్ప్రింగ్ స్లైడ్‌ను ముందుకు తోస్తూ మ్యాగజైన్ (పిడిలో తూటాలుండే డబ్బా) నుంచి కొత్త తూటాను ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. నేటి 9 ఎంఎం పిస్టళ్లలో ఎక్కువ భాగం అమెరికన్ ఆయుధ రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పద్ధతినే ఏదో ఒక రూపంలో వాడుతున్నాయి. బ్యారెల్, స్లైడ్ కలిసి కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి వెళ్లి, ఆ తర్వాత బ్యారెల్ వెనక భాగం కిందికి వంగి విడిపోతుంది. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న, ఆ ఏడాది పేరుతోనే పిలిచే పిస్టల్‌లో ఉన్నదీ ఇదే. ఈ క్రమం తెలిస్తే, జామైనప్పుడు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడగానే అర్థమవుతుంది.

అపోహ: మంచి కంపెనీది కొంటే జామ్ అనేదే ఉండదు

నా దగ్గరికి "పిస్టల్ పాడైంది" అని వచ్చేవాటిలో చాలావాటికి పిస్టల్‌తో సంబంధమే ఉండదు. ముందు అనుమానించాల్సింది మ్యాగజైన్‌ను. పైన తూటాను పట్టుకునే రెండు అంచులు కాస్త వంగినా, స్ప్రింగ్ నీరసించినా తూటా సరైన కోణంలో పైకి రాదు. తర్వాత తూటాలు, ఆ తర్వాత నూనె, చివరికి పట్టు. మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్‌తో పాటు పిస్టల్ మొత్తం వెనక్కి పోతుంది. స్లైడ్ తన దారి పూర్తిగా తిరగలేక, ఖాళీ తొడుగు బయటపడకముందే దాన్ని నొక్కేస్తుంది. బరువు తక్కువ పిస్టళ్లలో ఇది మరీ ఎక్కువ.

అందుకే మ్యాగజైన్ల అడుగున 1, 2, 3 అని మార్కర్‌తో రాయండి. జామైన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఏ తూటా, ఎన్నో రౌండ్, ఎలా ఆగింది అన్నది చిన్న పుస్తకంలో రాసుకోండి. లోపాలన్నీ 2వ నంబర్ దగ్గరే ఉంటే సమస్య ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఎన్ని రౌండ్లు (తూటాలు) కాలిస్తే నమ్మవచ్చు? "ఒక పెట్టె కాల్చాను, ఒక్కసారి కూడా ఆగలేదు" అని ధీమాగా చెబుతారు. పెట్టె అంటే మామూలుగా 50 రౌండ్లు. గణాంకాల్లో ఒక సులువైన లెక్క ఉంది. లోపం ఒక్కటీ కనిపించకపోతే, 3ను ప్రయత్నాల సంఖ్యతో భాగించండి. అసలు లోపాల రేటు ఎంతవరకూ ఉండవచ్చో 95 శాతం నమ్మకంతో చెప్పే పైహద్దు అదే. 50 రౌండ్లకు అది 6 శాతం. అంటే వందకు ఆరుసార్లు జామయ్యే పిస్టల్ కూడా, అదృష్టం బాగుంటే, మీ పెట్టె పరీక్షను దాటేస్తుంది. 200 రౌండ్లకు హద్దు 1.5 శాతానికి, 1000కి 0.3 శాతానికి దిగుతుంది. రేంజ్ సరదాకు 200 చాలు. ఆత్మరక్షణకు పెట్టుకునేదైతే నాకు 200 సరిపోదనే అనిపిస్తుంది. ఖర్చు ఎక్కువని గొణుగుతారు, నిజమే. కానీ ఎలాగూ సాధన చేయాలి కదా, ఆ రౌండ్లనే లెక్కలో వేసుకోండి.

ఇంకొక మెలిక ఉంది. రేంజ్‌లో వాడేది గుండ్రటి ముక్కున్న తూటా. ఆత్మరక్షణకు చాలామంది ఎంచుకునేది ముక్కు బోలుగా ఉండే హాలో పాయింట్. దాని అంచు కొన్ని పిస్టళ్లలో ఛాంబర్ ముందున్న వాలుకు తగిలి ఆగుతుంది. మొదటి రకంతో వెయ్యి కాల్చినా రెండో రకం గురించి ఏమీ తెలియదు. ఏది ఉంచుకుంటారో దాన్నే, మీ చేతులతో, మీ మ్యాగజైన్లతో కాల్చి చూడాలి.

అపోహ: పెద్ద క్యాలిబర్ తగిలితే మనిషి ఎగిరి వెనక్కి పడతాడు

సినిమాల్లో పడతాడు. లెక్క వేసి చూడండి. 9 ఎంఎం తూటా బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 350 మీటర్ల దగ్గర. 70 కిలోల మనిషికి ఆ తోపంతా అందినా అతను కదిలేది సెకనుకు 4 సెంటీమీటర్ల వేగంతో. 15 గ్రాముల .45 ఏసీపీ తూటాకైనా ఆరు సెంటీమీటర్లు దాటదు. తూటాను అంత తోపుతో పంపితే అంతే తోపు కాల్చినవాడి చేతికీ తగులుతుంది. అతను పడిపోవడం లేదుగా!

పిస్టల్ తూటా పనిచేసేది ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు వెళ్లింది అన్నదాన్ని బట్టి. 1986లో అమెరికాలోని మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయాక ఆ సంస్థ ఈ విషయాన్ని లోతుగా పరిశీలించింది. తూటాలను పరీక్షించడానికి శరీర కణజాలానికి బదులు వాడే బాలిస్టిక్ జెలటిన్‌లో 12 నుంచి 18 అంగుళాలు చొచ్చుకెళ్లాలన్న ప్రమాణం అలా స్థిరపడింది. ముందు 10 ఎంఎం, తర్వాత .40 ఎస్ అండ్ డబ్ల్యూ అనే క్యాలిబర్లు వాడి, 2010ల మధ్యలో మళ్లీ 9 ఎంఎంకే వచ్చారు. ఈలోగా 9 ఎంఎం తూటాలు మెరుగుపడ్డాయి. తన్ను తక్కువ కాబట్టి ఎక్కువమంది ఏజెంట్లు దానితో వేగంగా, గురిగా కాల్చగలరు. క్యాలిబర్ చర్చకు రాత్రంతా కూర్చునేవాళ్లు నాకు చాలామందే తెలుసు. ఆ సమయంలో సగం సాధనకు పెట్టినా బాగుండేది.

అపోహ: చిన్న పిస్టల్ కొత్తవాళ్లకు సులువు

చేతిలో ముద్దుగా ఉంటుంది, కాల్చినప్పుడు తెలుస్తుంది. బరువు తక్కువ కాబట్టి తన్ను ఎక్కువ. పిడి పొట్టిది కాబట్టి చిటికెన వేలికి చోటుండదు. స్లైడ్ చిన్నదైతే స్ప్రింగ్ గట్టిగా పెట్టాల్సి వస్తుంది, దాంతో వేళ్లలో బలం తక్కువున్నవాళ్లు స్లైడ్ లాగడానికే తంటాలు పడతారు. అదీకాక ముందు సైట్, వెనక సైట్ (గురి చూసే గుర్తులు) మధ్య దూరం తగ్గుతుంది. ఆ దూరం 15 సెంటీమీటర్లు ఉన్నప్పుడు 1 మిల్లీమీటర్ తప్పుగా కుదిరితే, 10 మీటర్ల దగ్గర గురి దాదాపు 6.7 సెంటీమీటర్లు తప్పుతుంది. 10 సెంటీమీటర్లే ఉంటే పూర్తిగా 10 సెంటీమీటర్లు.

చేతికి అమరిందో లేదో ఇలా చూడండి. ముందు ఖాళీ అని నిర్ధారించుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య భాగం పిడి పైకొసన ఆనేలా పట్టుకోండి. బ్యారెల్ మీ ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. అలా ఉన్నప్పుడు వేలి కొన మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యకు అందాలి. పిస్టల్‌ను చేతిలో తిప్పితే గానీ అందకపోతే ఆ పిస్టల్ మీది కాదు, పక్కన పెట్టండి.

అపోహ: గుళ్లన్నీ ఒకేచోట పడితే పిస్టల్ మంచిది, ఎడంగా పడితే చెడ్డది

మంచి సర్వీస్ పిస్టళ్లను స్థిరంగా ఆనించి కాలిస్తే చూపించే ఖచ్చితత్వం చాలామంది షూటర్ల చేతికి అందేదానికంటే ఎక్కువే. కుడిచేతివాటం వాళ్ల గుళ్లు కిందికీ ఎడమకూ పడుతుంటే సైట్లు తిప్పడానికి తొందరపడకండి. చాలాసార్లు అది పేలుడు వస్తుందని ముందే బిగుసుకుని ట్రిగ్గర్‌ను గుంజడం. మ్యాగజైన్‌లో ఎక్కడో ఒక డమ్మీ (పేలని) తూటా కలిపి ఇస్తాను. అది వచ్చినప్పుడు పేలకపోయినా పిస్టల్ మూతి కిందికి ఊగుతుంది. వాదన అక్కడితో ఆగిపోతుంది.

ట్రిగ్గర్ ఎంత తేలికైతే అంత మంచిదన్నదీ ఇలాంటిదే. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 25 మీటర్ల పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి, ఆ పనికి ఆ తేలిక సరైనదే. గ్లాక్ లాంటి స్ట్రైకర్ (బయట సుత్తి లేని) పిస్టళ్లలో మామూలుగా రెండున్నర కిలోల దగ్గర ఉంటుంది. టెన్షన్‌లో వేళ్లకు స్పర్శ సరిగా తెలియదు, అప్పుడు ఆ బరువే కాపాడుతుంది. నేను బరువుకంటే ఎక్కువగా చూసేది ట్రిగ్గర్ ఎక్కడ ఆనుతుంది, ఎక్కడ తెగుతుంది, ఎంత వదిలితే మళ్లీ కుదురుకుంటుంది అన్నది. ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మొదటి నొక్కు బరువుగా, మిగతావి తేలికగా ఉండే డబుల్ యాక్షన్ పిస్టల్ అయితే ఆ మొదటి నొక్కును విడిగా సాధన చేయాలి.

అపోహ: మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయినట్టే

ఇది ప్రాణాలు తీసే అపోహ. ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉండవచ్చు. చాలా పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోయినా పేలతాయి. వరస కూడా ముఖ్యం: ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి. తిరగేసి చేస్తే, స్లైడ్ వదలగానే మ్యాగజైన్‌లోంచి మరో తూటా ఎక్కుతుంది. ఆపైన ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి.

బయట సేఫ్టీ మీట లేనిది ప్రమాదకరం, ఉన్నది క్షేమం అన్నదీ సగం నిజమే. ఇప్పటి పిస్టళ్లలో చాలావాటికి లోపల ఫైరింగ్ పిన్‌ను (తూటా వెనక కొట్టి పేల్చే సూదిని) ఆపే బ్లాక్ ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితేనే అది తొలగుతుంది. తొలినాటి 1911 పిస్టల్‌లో మీట ఉంది, ఈ బ్లాక్ లేదు. ఏది ఉన్నా లేకున్నా, వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు వెళ్తుంది, మూతి ఎటు చూస్తోంది అన్నవే ఎవరికైనా గాయమవుతుందా లేదా తేలుస్తాయి. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసిన పెట్టె తప్ప మరో మాట లేదు.

మరికొన్ని, క్లుప్తంగా

సైలెన్సర్ పెడితే చప్పుడు ఉండదంటారు. 9 ఎంఎం చప్పుడు సుమారు 160 డెసిబెల్స్, సైలెన్సర్ తగ్గించేది 20 నుంచి 35. చెవి రక్షణ అప్పుడూ మానకూడదు. నాలుగు గోడల మధ్య కాల్చేటప్పుడు ప్లగ్‌లు పెట్టి, పైన మఫ్‌లు కూడా పెట్టుకోండి. సీసం ధూళి ఉంటుంది కాబట్టి తినేముందు చేతులు సబ్బుతో కడగాలి.

ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కితే పాడవుతుందన్నది .22 పిస్టళ్లు చాలావాటి విషయంలో నిజం. వాటిలో పిన్ ఛాంబర్ అంచుకు కొట్టుకోవచ్చు. నేటి 9 ఎంఎం పిస్టళ్లలో ఎక్కువవాటికి పరవాలేదు, మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

మ్యాగజైన్ నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందని ప్రతివారం దించి ఎక్కించేవాళ్లున్నారు. స్ప్రింగ్‌ను ఎక్కువగా అరగదీసేది ఆ దించడం, ఎక్కించడమే. ఆఖరి తూటా పేలాక స్లైడ్ వెనక ఆగకపోవడం మొదలైతే స్ప్రింగ్ మార్చే సమయం వచ్చిందేమో చూడండి. స్లైడ్‌ను ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్‌ను ఎన్ని వేల రౌండ్లకు మార్చాలో మాన్యువల్‌లోనే ఉంటుంది. మార్చాక పాత లెక్క చెల్లదు. స్ప్రింగ్ మారినా, తూటాల రకం మారినా, పైన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) బిగించినా పుస్తకంలో కొత్త పేజీ తీసి మొదటి రౌండ్ నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టండి.