బూడిదరంగు బొమ్మలో అంకెలు

పిల్లలూ, ఆశీస్సులు.

సీటీ స్కాన్ బొమ్మ చూసి "అంతా బూడిదరంగే కదా, ఇందులో డాక్టర్లకు ఏం తెలుస్తుంది?" అని అడిగారు. పిత్తనాళాల క్యాన్సర్‌నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

కాలేయంలో తయారైన పైత్యరసాన్ని పేగుకు చేర్చే సన్నని గొట్టాలే పిత్తనాళాలు. వాటి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ చాలాకాలం చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. నాళం మూసుకుపోతే కామెర్లు, ఒళ్లంతా దురద. కామెర్లనగానే పసరు మందుకు పరుగెత్తేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. మూసుకున్న నాళాన్ని ఏ పసరూ తెరవలేదు. వైద్యం చేయగలిగిన రోజులు ఆ తిరుగుడులో పోతాయి, నా బాధంతా అదే. ఈ జబ్బు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ ఈశాన్య థాయ్‌లాండ్‌లో. అక్కడ పచ్చి చేపలు తినడం వల్ల ఒక చిన్న పురుగు పిత్తనాళాల్లో చేరి ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది.

ఇక బొమ్మ సంగతి. సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది; ఆ చోటు ఎక్స్‌-కిరణాలను ఎంత ఆపుతుందో అది చెబుతుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. ఈ కొలతకు సీటీ యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. 1979లో ఆయనకూ, సీటీ వెనకున్న గణితాన్ని రూపొందించిన కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. ఒక వరుసలో 40, 42, 41, 37 రాయండి. దాని కింద 10, 75, 22, 53. రెండింటి సగటూ 40. సగటు మాత్రమే చూస్తే తేడా తెలియదు. పక్కపక్క అంకెల మధ్య ఎంత దూరముందో చూడండి: మొదటిది నున్నగా ఉంది, రెండోది గరుకు. ఏ అంకె పక్కన ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక వేసి ఈ గరుకుదనాన్ని కొలిచే పద్ధతిని 1973లో హారలిక్, షణ్ముగం, డిన్‌స్టైన్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించారు. వాళ్లు దాన్ని పరీక్షించింది రోగుల మీద కాదు, ఇసుకరాళ్ల ఫొటోల మీద, విమానం నుంచీ ఉపగ్రహం నుంచీ తీసిన నేల బొమ్మల మీద! రాతినీ నేలనూ చదివిన లెక్క కాలేయం దాకా రావడం నాకెప్పుడూ అబ్బురమే.

ఈ క్యాన్సర్ గడ్డ లోపల అంతా ఒకేలా ఉండదు. ఒకచోట కణాలు కిక్కిరిసి ఉంటాయి, ఒకచోట చచ్చిపోయి ఉంటాయి, చాలాచోట్ల నారలాంటి కణజాలం పేరుకుని కాంట్రాస్ట్ మందును (బొమ్మలో తేడాలు స్పష్టంగా కనబడేందుకు రక్తనాళంలోకి ఎక్కించేది) ఆలస్యంగా పీల్చుకుంటుంది. అందుకే అంకెలు ఎగుడుదిగుడుగా వస్తాయి. జబ్బు లింఫు గ్రంథులకు పాకిందా, ఆపరేషన్ తర్వాత తిరగబెడుతుందా అన్నది ఆ ఎగుడుదిగుడుల నుంచి ముందే పసిగట్టాలని పరిశోధకుల ప్రయత్నం. కాలేయంలో పెద్ద భాగమే కోసేయాల్సి రావచ్చు కాబట్టి, ఆ కబురు ముందుగా తెలియడం రోగికి ఎంతో అవసరం.

మరి అన్ని ఆసుపత్రుల్లో ఎందుకు వాడరంటారా? యంత్రం మారినా, స్లైస్ (ఒంటిని పొరలుగా చూపే బొమ్మల్లో ఒక్కో పొర) మందం మారినా, కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఎన్ని సెకన్లకు బొమ్మ తీశారో మారినా అంకెలు మారిపోతాయి. గడ్డ చుట్టూ గీత గీసే చెయ్యి మారినా అంతే. 2020లో ఒక అంతర్జాతీయ బృందం ఇలాంటి 169 కొలతలకు అందరూ ఒప్పుకునే నిర్వచనాలు ఖాయం చేసింది. ఒక ఆసుపత్రి బొమ్మలతో కట్టిన లెక్క ఇంకో ఊరి రోగుల దగ్గరా నిలబడాలి. అంతవరకూ ఇది డాక్టరు పక్కన ఉండే అదనపు ఆధారమే. క్యాన్సర్ అని ఖాయంగా తేల్చేది బయాప్సీయే, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షే.

మీ తాతయ్య