టూ-స్ట్రోక్ క్వాడ్ బైక్‌లో మండని నూనె

టూ-స్ట్రోక్ బండికి నూనెను పెట్రోలుతోనే ఇస్తాం కదా, మళ్లీ విడిగా ఇంకో నూనె ఎందుకని చాలామందికి సందేహం. ఆర్‌ఎక్స్ 100 నడిపిన తరానికి జవాబు తెలుసు: టూటీ ఆయిల్ వేరు, గేర్ ఆయిల్ వేరు. మొదటిది పెట్రోలుతో పాటే కాలి పొగలో కలిసిపోతుంది. రెండోది గేర్‌బాక్సు అడుగున ఉండి గేర్లనూ క్లచ్చునూ తడుపుతుంది. అది మండదు, రోజూ తరగదు. అందుకే దాన్ని మార్చాలన్న ధ్యాసే ఉండదు.

ఈ రెండింటినీ విడదీయడానికి బలమైన కారణం ఉంది. టూ-స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పైకి లేచినప్పుడు దాని కిందనున్న క్రాంక్ గది గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంది. పిస్టన్ దిగేటప్పుడు ఆ మిశ్రమాన్ని నొక్కి సిలిండరులోకి పంపుతుంది. అంటే క్రాంక్ గది ఒక పంపు. పంపులో నూనె నిల్వ ఉంచలేం కాబట్టి అక్కడి బేరింగులు మిశ్రమంతో వచ్చే టూటీ ఆయిల్ మీదే బతకాలి. పక్కనే గోడ కట్టినట్టు గేర్‌బాక్సు ఉంటుంది. పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్టు, కొస మాత్రం ఆ గోడను దాటి క్లచ్చు వైపు వస్తుంది. దాటే చోట రెండు లోకాలనూ వేరుచేసేది ఒక చిన్న రబ్బరు సీలు.

యమహా 1987లో తెచ్చిన నాలుగు చక్రాల క్వాడ్ బైక్ బాన్షీనే చూడండి. రెండు సిలిండర్లు, 347 సీసీ, నీటితో చల్లబడే ఇంజను, ఆరు గేర్లు. ఆ ఇంజనుకు మూలం ఆర్‌డీ350ఎల్‌సీ మోటారుసైకిలు. మన రాజ్‌దూత్ 350 అదే ఆర్‌డీ కుటుంబంలో అంతకు ముందు తరానిది. కాలిఫోర్నియాలో మెక్సికో సరిహద్దు దగ్గరి ఇంపీరియల్ ఇసుక దిబ్బలు బాన్షీకి పేరు తెచ్చిన చోట్లలో ఒకటి. మెత్తటి ఇసుకలో వెనుక చక్రాలకు తెడ్డు టైర్లు బిగించి నిటారుగా ఎక్కిస్తారు. ఆ ఎక్కుడులో బరువంతా క్లచ్చు మీదా గేరు పళ్ల మీదా పడుతుంది.

రెండు గేరు పళ్లు ఒరుసుకునే చోట తాకేది ఒక సన్నని గీత మేర మాత్రమే. అంత తక్కువ చోట పడే ఒత్తిడి వాతావరణ పీడనానికి వేల రెట్లు ఉంటుంది. మామూలు లెక్కన నూనె పక్కకు చిమ్మి, ఉక్కు ఉక్కును తాకాలి. కానీ అంత ఒత్తిడిలో నూనె చిక్కదనం అమాంతం పెరిగి, ఆ ఒక్క క్షణం దాదాపు ఘనపదార్థంలా నిలుస్తుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా ఉండని ఆ పొర పళ్లను కాపాడుతుంది. నాకు ఇంజను శాస్త్రం మొత్తంలో ఇంతకన్నా అబ్బురమైన సంగతి కనిపించదు.

ఆ పనిలో నూనె కూడా నలుగుతుంది. వేడిలో పలచబడకుండా అందులో కలిపిన పొడవాటి పాలిమర్ అణువులను గేరు పళ్లు తెంపేస్తాయి. దాంతో నూనె క్రమంగా పలచబడుతుంది. క్లచ్చు ప్లేట్లు అరిగిన పొడి, సన్నని లోహపు రజను కూడా అందులోనే చేరతాయి.

ఏ నూనె పోయాలన్నది క్లచ్చు నిర్ణయిస్తుంది. ఆ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటూనే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఇంధనం ఆదా కోసం ఘర్షణ తగ్గించే రసాయనాలు కలిపిన కారు నూనె పోస్తే ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అనే జపాన్ ప్రమాణం గుర్తు ఉందంటే తడి క్లచ్చుకు తగిన నూనె అని అర్థం. డబ్బా మీది చిక్కదనం అంకెలు చూసి కూడా కంగారు పడనక్కర్లేదు. గేర్ నూనెల కొలమానం వేరు, ఇంజను నూనెల కొలమానం వేరు. గేర్ నూనెలో 75డబ్ల్యూ-80 అన్నది చిక్కదనంలో ఇంజను నూనె 10డబ్ల్యూ-30కి దగ్గరగానే ఉంటుంది.

మార్చడం కష్టమేమీ కాదు. బండిని కొద్దిసేపు నడిపి, సమతలంలో ఆపాలి. గోరువెచ్చని నూనె త్వరగా దిగుతుంది, అడుగున పేరుకున్న రజనును కూడా వెంట తెస్తుంది. నూనె పోసే మూత చుట్టూ ఉన్న ఇసుకను ముందే తుడవాలి. ఒక్క చిటికెడు లోపల పడినా బేరింగులను అరగదీస్తుంది. డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తది వేయడం మేలు. కేసు అల్యూమినియం కాబట్టి బలమంతా పెట్టి బిగిస్తే అందులో బోల్టు పట్టే మర గాడులు చెడిపోతాయి. బాన్షీలో మార్చినప్పుడు పట్టేది లీటరున్నర. పాత నూనెను నేలమీద పారబోయకుండా, సేకరించే చోట అప్పగించాలి.

దిగిన నూనెను వెంటనే అప్పగించేయకండి. వెలుతురులో చూడండి, వాసన చూడండి, కొలవండి. బూడిద రంగు, వేళ్ల మధ్య మెత్తటి ముద్ద సహజమే. గరుకుగా పలుకులు తగిలితే గేరు పన్ను విరిగిందేమోనని అనుమానించాలి. నూనె పాలు కలిసినట్టు తెల్లబడితే నీరు చేరిందన్నమాట. బాన్షీలో నీటి పంపు కుడివైపు కవరులోనే ఉంటుంది కనుక దాని సీలును ముందు చూడాలి. పెట్రోలు వాసన వస్తే క్రాంక్ సీలు దాటి మిశ్రమం ఇటు వస్తున్నట్టు. బయట ఎక్కడా కారకుండానే పోసినదానికన్నా తక్కువ దిగి, సైలెన్సరు నుంచి తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే, అదే సీలు గుండా ఇంజను గేర్ ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తోంది.

ఎడమవైపు, బండికి కరెంటు పుట్టించే మాగ్నెటో పక్కన క్రాంక్ షాఫ్టుకు ఇంకో సీలు ఉంటుంది. అక్కడ నూనె ఉండదు కాబట్టి అది పాడైనా గేర్‌బాక్సులో జాడ దొరకదు. బయటి గాలి దూరి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, పిస్టన్ వేడెక్కి పట్టేసేదాకా పోవచ్చు. దాన్ని ముందే పట్టుకోవాలంటే సిలిండరు దారులన్నీ మూసి, లోపలికి కొద్దిగా గాలి ఒత్తిడి ఎక్కించి, ఒత్తిడి మీటరు ముల్లు పడిపోతోందా అని చూడాలి.