పాము కాటు: అపోహలు - వాస్తవాలు

అనంతపురం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా పనిచేస్తున్నాను. శనక్కాయ చేలల్లో కలుపు మొదలైనప్పటి నుంచి కట్టె వామికి చేరేదాకా మాకు పాము కాటు కేసులు వస్తూనే ఉంటాయి.

అపోహ: కార్డు లేకపోతే మందు ఎక్కించరు.
ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. అప్పటినుంచి ఆసుపత్రి అనగానే ముందు కార్డు వెతుక్కోవడం అలవాటైపోయింది. పాము మందుకు ఏ కార్డూ అక్కర్లేదు, సర్కారు ఆసుపత్రిలో ఉచితమే. బీరువా తర్వాత చూసుకోవచ్చు, ముందు 108కి ఫోన్ చేయండి.

అపోహ: గట్టిగా కట్టు కడితే విషం ఎక్కదు.
విషం ఆగదు, రక్తం ఆగుతుంది. ఒకసారి ఒకమ్మను మోకాలి కింద పంచె పీలిక బిగించి తెచ్చారు. పాదం నల్లబడింది, మెట్టెలు వాపులో కూరుకుపోయాయి. అలాంటి కట్టును ఠక్కున విప్పలేం, ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. సెలైన్ పెట్టి, మందు మొదలుపెట్టాకే మెల్లగా విప్పాం. మెట్టెలు, గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయండి. కాలు విరిగితే కట్టినట్టు కర్ర ఆసరా పెట్టి వదులుగా కట్టండి. నడిపించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు.

అపోహ: మా ఊళ్లో మంత్రంతో తగ్గింది.
చాలా పాములకు విషమే ఉండదు. విషప్పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం వదలదు. వాళ్లు పసరు తాగకపోయినా బతికేవాళ్లే. నిజంగా విషం ఎక్కినవాళ్లకు మాత్రం మంత్రగాడి దగ్గర గడిచిన రెండు గంటలే ప్రాణం మీదికి తెస్తాయి. ఈ ఒక్కటి చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: పామును చంపి తేవాలి.
వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, నాలుగింటికీ మందు ఒకటే.

అపోహ: పోగానే సూది వేయలేదంటే నిర్లక్ష్యం.
గొడవలన్నీ దీని మీదే. 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెడతాం. తర్వాత వంచితే గడ్డగా నిలవాలి. నీళ్లలా జారితే పింజరి విషం ఎక్కినట్టే, ఇక ఆలస్యం చేయం. ఆ మందు గుర్రం రక్తం నుంచి తీసేది, కొందరికి తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. అందుకే విషం లక్షణాలు లేనివాళ్లకు వేయం, 24 గంటలు కనిపెట్టుకుని ఉంటాం. పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తాం. ఆ రాత్రి ఇంటికి పోతామని దయచేసి పట్టుబట్టకండి.

అపోహ: నొప్పి, వాపు లేవు, ఏం కాదులే.
కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకుంటారు, ఈలోగా ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. అప్పుడు వెంటిలేటర్ కావాలి. అందుకే మా దగ్గర మందు మొదలుపెట్టి, వెంటనే అనంతపురం సర్వజన ఆసుపత్రికి పంపిస్తాం. చేను కాపలాకు పోయినా మంచం వేసుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి.